విశాఖ ఎంవీపీ కాలనీ శనివారం భారతం క్లాసు, ఎనిమిది వారాలు వెళ్లొచ్చాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది కాస్త పెద్ద రివ్యూ. మూడు వేలు కట్టి ఎనిమిది శనివారాలు ఒక్కటి కూడా మానకుండా వెళ్లాను, పరవాడ నుంచి ఎంవీపీ అంటే దగ్గరేం కాదు, ఫస్ట్ షిఫ్ట్ అయ్యాక కంపెనీ బస్సులో గాజువాక దిగి అక్కడ సిటీ బస్సు పట్టుకుని మద్దిలపాలెం, మళ్లీ అక్కడ్నుంచి ఆటో, అంత కష్టపడి వెళ్లినదాని గురించి రెండు లైన్లలో బాగుంది అని రాసి వదిలీడం నాకు ఇష్టం లేదు.

విషయం ఏంటంటే, ఎంవీపీ కాలనీలో రైతుబజార్‌కి దగ్గర్లో ఒకింటి రెండో అంతస్తులో శనివారం సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా భారతం క్లాసు నడుస్తోంది. ప్రవచనం కాదు. తమ కింద పదిమంది పనిచేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల కోసం పెట్టింది, సూపర్‌వైజర్లు, టీం లీడ్లు, వార్డు ఇన్‌చార్జి సిస్టర్లు, బ్రాంచి మేనేజర్లు అలాంటివాళ్లకి. చెప్పేది ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్. పేరు, నంబరు ఇక్కడ పెట్టొద్దని మాస్టారే అన్నారు, బ్యాచ్‌కి ఇరవై మందిని మించి తీసుకోరు కాబట్టి తాకిడి పెరిగితే కాదనడం కష్టం అని, అందుకే పెట్టట్లేదు. కావాల్సినవాళ్లు రైతుబజార్ దగ్గర శనివారం భారతం క్లాసు అని అడిగితే చెప్తారు, నేనూ అలా అడిగే వెళ్లాను.

నేను ఫార్మాలో ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జిని, నా షిఫ్ట్‌లో పద్నాలుగు మంది. కంపెనీ వాళ్లు పెట్టే లీడర్‌షిప్ ట్రైనింగులు నాలుగైదు అయ్యాయి, ఏసీ హాల్లో కూర్చోబెట్టి బెలూన్లు ఊదించి గ్రూపు ఫోటో తీసి పంపీసేవాళ్లు, సోమవారం పొద్దున్న మళ్లీ అదే షిఫ్ట్, అవే మాటలు. అందుకే ఇక్కడికి కూడా పెద్దగా ఆశ పెట్టుకుని రాలేదు. మొదటి రోజు మాస్టారు బోర్డు మీద "ఉద్యోగం" అని రాసి అర్థం చెప్పమన్నారు. అందరం జాబ్ అన్నాం. ఆయన కాదమ్మా, ఉద్యోగం అంటే ప్రయత్నం, పూనుకోవడం, పాండవులు తమ భాగం తాము తిరిగి తెచ్చుకోడానికి పూనుకున్నారు కాబట్టి అది ఉద్యోగ పర్వం అయింది, మీరు నెల మొదట్లో తీసుకునే జీతానికి ఆ పేరు తర్వాత వచ్చింది అన్నారు. ఆ ఒక్క మాటతో నేను పెన్ను తీశాను.

చెప్పే పద్ధతి గురించి ముందు రాస్తాను ఎందుకంటే దీనికీ మిగతావాటికీ తేడా అక్కడే ఉంది. పద్యం ఇస్తారు, జెరాక్సు కాగితం మీద. ముందు ఆయన రాగం లేకుండా ఒకసారి, రాగంతో ఒకసారి చదువుతారు, తర్వాత మనతో చదివిస్తారు, ఒక్కొక్కళ్లతో, తప్పు చదివినా ఆపరు. అప్పుడు సంధులు విడదీయించి మాట మాటకీ అర్థం మనచేతే చెప్పిస్తారు. ఆ తర్వాతే మీ ఆఫీసులో ఇలాంటిది ఎప్పుడైనా చూశారా అని అడుగుతారు. ముందే అడగరు. పద్యం అర్థం కాకుండా నీతి చెప్పడం ఆయనకి అస్సలు ఇష్టం ఉండదు, మా బ్యాచ్‌లో ఒకాయన తొందరపడి "అంటే సార్, టీంవర్క్ ఇంపార్టెంట్ అని" అనగానే "పద్యంలో ఎక్కడుందో చూపించు నాయనా" అన్నారు, ఆయన పాపం చాలాసేపు కాగితం వెతికారు.

మన వైపు వాళ్లకి పద్యం కొత్త కాదు కదా. చిన్నప్పుడు ఊళ్లో కృష్ణ రాయబారం నాటకం వేస్తే తెల్లారిదాకా చూసినవాళ్లం, హార్మోనియం శృతి వినబడగానే గోనెసంచి పట్టుకుని పరిగెత్తినవాళ్లం. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిది పక్కనున్న విజయనగరమే. వినడం మనకి ఎప్పట్నుంచో అలవాటు, కూర్చుని విడదీసి చదవడమే పోయింది, ఇక్కడ అది తిరిగి దొరికింది నాకు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగో శనివారం, కౌరవ సభలో కృష్ణుడి మాటలు, తిక్కన గారి "సారపు ధర్మమున్" పద్యం. చాలామంది స్కూల్లోనో ఇంటర్‌లోనో బట్టీ పట్టి ఉంటారు, నేనూ పట్టాను, మార్కులు కూడా వచ్చాయి, అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది. ధర్మాన్ని పాపం, సత్యాన్ని అబద్ధం ముంచేస్తున్నప్పుడు, గట్టెక్కే దారి లేక అవి చెడిపోయే స్థితిలో ఉన్నప్పుడు, ఆపగలిగి కూడా ఊరుకున్నవాళ్లెవరో చేటు వాళ్లకే, ధర్మాన్ని గట్టెక్కించడానికి దైవం ఎలాగూ ఉంటాడు అని. మాస్టారు ఒక్క చోట ఆపారు. "దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి". ఉత్పలమాల కదా, రెండో పాదం "దక్షు లె" దగ్గర అయిపోతుంది, "వ్వార" కింద పాదంలోకి పడుతుంది, చదువుతుంటే అక్కడ ఊపిరి తెగుతుంది. ఎవ్వారలు అన్న మాట రెండు ముక్కలైంది చూశారా, ఇప్పుడు చెప్పండి, ఎవరు దక్షులు అని అడిగారు. ఎవరో దుర్యోధనుడు అన్నారు. కాదు, వాడు తప్పు చేసేవాడు, వాడి సంగతి ఇక్కడ ఎత్తలేదు, దక్షులంటే చేతనైనవాళ్లు, భీష్ముడు, ద్రోణుడు, ధృతరాష్ట్రుడు, మాట చెల్లేవాళ్లు, ఆపగలిగీ ఆపనివాళ్లు అన్నారు.

నాకు ఆ నిమిషం ఇంకో గది గుర్తొచ్చింది. అయిదేళ్ల క్రితం నేను వేరే కంపెనీలో ఉండేదాన్ని, పేరు అనవసరం. ఒక బ్యాచ్ డ్రయ్యర్ నుంచి దించాక మాయిశ్చర్ ఎక్కువొచ్చి ఫెయిలయింది. డ్రయ్యర్ మీదున్నది ఒక కాంట్రాక్టు కుర్రాడు, ఇరవై మూడేళ్లుంటాయి. వాక్యూమ్ నిలబడట్లేదు అని వాడు రెండు షిఫ్టుల ముందే హ్యాండోవర్ రిజిస్టర్‌లో రాశాడు, నీలం ఇంకుతో, అక్షరాలు కొంచెం పక్కకి వాలి ఉంటాయి వాడివి, దాని కింద చూశాను అని సంతకం పెట్టింది నేనే, మెయింటెనెన్స్‌కి చెప్పాను కూడా, వాళ్లు రేపన్నారు, రేపు ఎల్లుండి అయింది. మర్నాడు పొద్దున్న మీటింగులో పెద్దాయన ఆ కుర్రాణ్ని నిలబెట్టి టెంపరేచర్ సరిగ్గా చూసుకోలేదు, నిద్రపోయావు అని అందరి ముందూ తిట్టారు. రిజిస్టర్ నా చేతిలోనే ఉంది. ఒక్క పేజీ తిప్పి చూపిస్తే అయిపోయేది. వాడు నా వైపు చూశాడు, నేను రిజిస్టర్ వైపు చూశాను. వారం తిరక్కుండా వాడి గేటు పాస్ ఆపేశారు.

క్లాసులో నేను ఇది చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. మాస్టారు ఓదార్చలేదు, తప్పు పట్టలేదు, ఆ పద్యం ఇంకోసారి చదవమ్మా అన్నారు. చదివాను. అంతే. ఏ ట్రైనింగ్‌లోనూ నాకు జరగనిది ఇది.

మా బ్యాచ్‌లో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, వచ్చేవారు, కూతురు చేర్పించిందట. నేను చెప్పింది విని ఆయనన్న మాట రాసుకున్నాను. "అప్పా, బోటుకి ముందేపు కూకున్న కుర్రోడు నీళ్ల రంగు మారిందని అరుస్తాడు, ఒకపాలి నోర్ముయ్యరా అన్నాననుకో, రెండోపాలి రాయి కనబడినా మరాడు అరవడు, బోటు పోతాది." తర్వాతి వారం విదుర నీతిలో అదే వచ్చింది. రాత్రి నిద్రపట్టక ధృతరాష్ట్రుడు విదురుణ్ని పిలిపిస్తాడు కదా, తీయగా మాట్లాడేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ వినేవాడూ ఇద్దరూ దొరకడం కష్టం అంటాడు. వినేవాడు కూడా అన్నది చూడండి, చెప్పేవాడి ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు, వినేవాడి గురించి ఎవరూ మాట్లాడరు. ధృతరాష్ట్రుడు రాత్రంతా విన్నాడు, నువ్వు చెప్పింది నిజమే, కానీ దుర్యోధనుణ్ని చూస్తే నా మనసు మారిపోతుంది అన్నాడు. అలాంటి బాసులు మనందరికీ తెలుసు.

ఆరో వారం నేను ఊహించనిది, గ్రీకుల ఇలియడ్. భారతం క్లాసులో అదెందుకు అని కొందరు గొణిగారు గానీ నాకైతే అది రెండో బెస్ట్ క్లాసు. కథ క్లుప్తంగా, అగమెమ్నోన్ అని ట్రాయ్ మీదకి యుద్ధానికొచ్చిన గ్రీకు సేనలన్నిటికీ పెద్ద, తన వంతుకొచ్చిన అమ్మాయిని వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చిందని అకిలీస్ దగ్గరున్న బ్రిసేయిస్‌ని లాక్కుంటాడు, తన సైన్యంలో అందరికంటే గొప్ప వీరుణ్ని అందరి ముందూ అవమానించాడన్నమాట. అకిలీస్ యుద్ధం మానేసి గుడారంలో కూర్చుంటాడు, అవతల సైన్యం చచ్చిపోతూ ఉంటుంది. మొత్తం 24 భాగాలు, తొమ్మిదో భాగంలో అగమెమ్నోన్ దిగొస్తాడు, బంగారం, గుర్రాలు, ఊళ్లు ఇస్తానని పెద్ద చిట్టా చదివి ముగ్గురిని రాయబారం పంపిస్తాడు, తను మాత్రం వెళ్లడు. చిట్టా చివర్న నేను వాడికంటే పెద్ద రాజుని కాబట్టి వాడు నాకు లొంగాలి అని కూడా అంటాడు. ఆ ముగ్గురిలో ఒడిస్సియస్ తెలివైనవాడు, చిట్టా అంతా పొల్లుపోకుండా అప్పజెప్పి ఆ ఆఖరి మాట మాత్రం మింగేస్తాడు. అయినా అకిలీస్ పసిగడతాడు, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పేవాడు నాకు నరకద్వారం అంత అసహ్యం అంటాడు. ఇంక్రిమెంట్ లెటర్ హెచ్‌ఆర్‌తో పంపించి తను క్యాబిన్‌లోంచి కదలని మేనేజర్లు ఎంతమంది లేరు. పక్కనే మాస్టారు సంజయ రాయబారం పెట్టారు. ధృతరాష్ట్రుడు సంజయుణ్ని పంపినప్పుడు అన్నీ మంచి మాటలే, శాంతి, ధర్మం, మీరు ఉత్తములు, రాజ్యం మాత్రం ఒక్క ఊరు కూడా ఇస్తానని లేదు. ఒకళ్లు అన్నీ ఇచ్చి మర్యాద ఇవ్వలేదు, ఇంకొకళ్లు మర్యాద ఇచ్చి ఏమీ ఇవ్వలేదు, రెండు చోట్లా యుద్ధమే అయింది. ఈ పోలిక నా కింద పనిచేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు రోజూ గుర్తొస్తోంది.

ఇంకోటి, ఇది సిలబస్‌లో లేదు, టీ బ్రేక్‌లో మాటల్లో వచ్చింది, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు తప్పకుండా వినాలి. నన్నయ గారు 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోసం భారతం మొదలుపెట్టి అరణ్య పర్వం మధ్యలో ఆగిపోయారు, 13వ శతాబ్దంలో నెల్లూరు తిక్కన గారు (ఆయన మనుమసిద్ధి దగ్గర మంత్రి, రాజకీయం చేతులారా చేసినవాడు, రాయబారాలు అంత బాగా రాయడానికి అదే కారణం అని నా నమ్మకం) ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాట పర్వం నుంచి పదిహేను పర్వాలు రాశారు, ఆ మధ్య ఖాళీని 14వ శతాబ్దంలో ఎర్రన గారు పూర్తి చేశారు. నన్నయ గారి ఆఖరి పద్యం శరత్కాలపు రాత్రుల వర్ణన. ఎర్రన గారు అందుకున్న పద్యం శరత్కాలపు పొద్దు పొడవడం. మూడొందల ఏళ్ల తర్వాత వచ్చినాయన ముందాయన రాత్రి దగ్గర ఆపితే తెల్లవారడం దగ్గర ఎత్తుకున్నాడు! పైగా ఎర్రన గారి కాలానికి ఆ రాజు ఎప్పుడో పోయాడు, ఈయన్ని పోషించింది ప్రోలయ వేమారెడ్డి, అయినా ఆ భాగాన్ని నన్నయ గారు మొదలుపెట్టినట్టే రాజరాజ నరేంద్రుడికే అంకితంగా ఉంచాడు, తన పేరు ముందుకు తోసుకోలేదు. నేను రోజూ పొద్దున్న ఆరింటికి వేరేవాళ్ల షిఫ్ట్ అందుకుంటాను, నైట్ వాళ్లు ఎక్కడ ఆపారో చూడకుండానే వాళ్లు చేసిందంతా తప్పని మొదలుపెట్టే ఇన్‌చార్జిలని చాలామందిని చూశాను. ఇది విన్న రోజు బస్సులో ఇంటికెళ్తూ ఆ రెండు పద్యాలే తలుచుకుంటూ వెళ్లాను, కిటికీలోంచి స్టీల్ ప్లాంట్ వైపు ఎర్రటి వెలుతురు కనబడుతోంది, ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుండిపోయింది.

సరే, బాగోలేనివి.

ద్రౌపది ప్రశ్నకి ఇరవై నిమిషాలే ఇచ్చారు. మొదటి శనివారం వికర్ణుడి గురించి గంట చెప్పారు, కౌరవుల్లో ఒక్కడే లేచి ఇది అన్యాయం అన్నాడని, కర్ణుడు వాణ్ని కూర్చోబెట్టాడని, నిజమే, గొప్పవాడే. కానీ ఆ సభని మొదట నిలదీసింది ద్రౌపది. దుర్యోధనుడు పంపిన ప్రాతికామి పిలవడానికొస్తే ఏడుస్తూ కూర్చోలేదు, వెళ్లి అడుగు, ధర్మరాజు ముందు తనని తాను ఓడాడా నన్ను ఓడాడా అని, తనని తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది అని. ఆ ఒక్క ప్రశ్నకి భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. పై అధికారిని ప్రశ్నించడం అంటే ఏంటో నేర్పడానికి అంతకంటే మంచి పాఠం మొత్తం భారతంలో లేదు, దానికి ఒక పూర్తి శనివారం కావాలి. మాస్టారికి కూడా ఇదే చెప్పాను, ఆలోచిస్తానమ్మా అన్నారు. మా బ్యాచ్‌లో ఆడవాళ్లం ఏడుగురం, ఏడుగురిదీ ఇదే మాట.

రెండోది, మూడో వారం, ఏడో వారం మాస్టారితో పాటు ఒక ట్రైనర్ గారు వచ్చారు, స్లైడ్లు వేశారు, ధర్మరాజు ఒక టైపు లీడర్, దుర్యోధనుడు ఒక టైపు, మీరు ఏ టైపో ఈ పది ప్రశ్నలకి టిక్కులు పెట్టి తెలుసుకోండి అని. ఏడో వారం శల్యుడి కథ, అసలు ఎంత బాగుండాలి, దారిలో దొరికిన మర్యాదలకి పడిపోయి అవతలి పక్షానికి మాటిచ్చేసిన మేనమామ, తర్వాత కర్ణుడి సారథిగా కూర్చుని యుద్ధం మధ్యలో వాడి గుండె జారిపోయేలా మాట్లాడాడు, టీంలో పక్కనే కూర్చుని నీరుగార్చేసే మనిషి కథ అది. దాన్ని ఒక్క స్లైడులో తేల్చీసారు. పద్యం ఒక్కటీ చదవలేదు ఆ రోజు. ఆ రెండు క్లాసులకి డబ్బులు దండగ అనే చెప్తాను.

చిన్న చిన్నవి కూడా రాసేస్తాను. జెరాక్సులు మరీ సన్న అక్షరం, కళ్లజోడు ఉన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులుంటే రెండంతస్తులు ఆలోచించుకోండి. బళ్లు పెట్టుకోడానికి చోటు తక్కువ, శనివారం సాయంత్రం ఆ రోడ్డు సంగతి ఎంవీపీ వాళ్లకి చెప్పక్కర్లేదు. క్లాసు మాత్రం ఠంచనుగా అయిదున్నరకి మొదలవుతుంది, ఆలస్యమైనా లోపలికి రానిస్తారు గానీ పద్యం చదివేది మొదటి పావుగంటలోనే, అది పోతే మిగతాది పట్టుబడదు.

ఎవరు వెళ్లాలి అంటే, ప్రమోషన్ కొట్టడానికి చిట్కాలు కావాలనుకునేవాళ్లకి ఇది కాదు. తెలుగు బాగా వచ్చుండాలన్న భయం అక్కర్లేదు, రుషికొండ ఐటీ కంపెనీలో చేసే ఒకమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చదివింది, మొదటి వారం "ఉపేక్ష"కి, "అపేక్ష"కి తేడా తెలీలేదు, ఎనిమిదో వారం పద్యం చూడకుండా చదివింది. చదవాలనిపిస్తే టీటీడీ వాళ్లు వేసిన ఆంధ్ర మహాభారతం, ప్రతిపదార్థం, తాత్పర్యంతో ఉంటుంది, ఉద్యోగ పర్వం ఉన్న సంపుటం తెచ్చుకోండి, జెరాక్సులతో పనుండదు.

నా షిఫ్ట్‌లో ఒకటి మార్చాను. హ్యాండోవర్‌లో మొదట నేను మాట్లాడటం మానేశాను, అందరికంటే కొత్తగా చేరినవాళ్లు మొదట చెప్తారు, తర్వాత ఆపరేటర్లు, చివర నేను. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు. రెండో వారం ఒకమ్మాయి సెంట్రిఫ్యూజ్ దగ్గర శబ్దం తేడాగా ఉంది మేడమ్ అంది, తీయించి చూస్తే బేరింగ్ పోయింది. రిజిస్టర్‌లో రాయించి కింద నేను సంతకం పెట్టి, ఆ పేజీ పట్టుకుని పొద్దున్న మీటింగుకి వెళ్లి ఆ అమ్మాయి పేరు చెప్పాను.

పాత కంపెనీ కుర్రాడి నంబరు తెలిసినవాళ్ల ద్వారా సంపాదించాను. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేస్తున్నాడు, పెళ్లయింది, పాప. ఆ రోజు నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు, తప్పు నాది అని ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేను రాసింది మీరు చదివారు కదా మేడమ్" అన్నాడు. చదివాను నాన్నా అన్నాను.

తర్వాతి బ్యాచ్ దసరా అయ్యాక మొదలవుతుందట, శాంతి పర్వం, అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన రాజధర్మాలు. ఫీజు అదే మూడు వేలు, ఈసారి ట్రైనర్ గారు ఉండరని మాస్టారు చెప్పారు. నేను కట్టేశాను.